ఎవరు ఎవరికి చెల్లిస్తున్నారు?

ఒట్టోమన్ సుల్తాన్ల కాలంలో ఏటా డమాస్కస్ నుంచి మక్కాకు బయలుదేరే హజ్ బిడారులో యాత్రికులు, సైనికులు, ఫిరంగులు, వంటవాళ్లతో పాటు ఒక ఖజానా కూడా ప్రయాణించేది. అందులో కొంత సొమ్ము పుణ్యానికి కాదు, దారికి. ఏ మజిలీ ఏ తెగ నేలలో ఉంది, ఏ బావి ఎవరిది, ఏ షేక్‌కు ఎంత ముట్టజెప్పాలి అన్నది ముందే పద్దు రాసి ఉండేది. దాన్ని సుర్రా అనేవారు. పుచ్చుకున్న తెగ తన నేల దాటేదాకా బిడారును కాచేది, ఒంటెలు బాడుగకిచ్చేది, నీళ్ల దగ్గరికి దారి చూపేది. సొమ్ము అందకపోతే అదే తెగ అదే బిడారును దోచేది. మూడు ఖండాల్లో పన్నులు వసూలు చేసుకున్న సుల్తాన్, డమాస్కస్ దాటాక బెదూయిన్లకు తానే కట్టేవాడు.

నేను లెక్కల మనిషిని. కువైట్‌లో ఒక కంపెనీలో కొన్నేళ్లు అకౌంట్స్ చూశాను. బెదూయిన్ల గురించి చదవడం అక్కడే, శుక్రవారం సెలవుల్లో కాలక్షేపంగా మొదలైంది. దొరికిన పుస్తకాలు ఎక్కువగా రెండు బాపతులు. ఒకదానిలో బెదూయిన్ ఏ ప్రభుత్వానికీ తలవంచని స్వేచ్ఛాజీవి, మేకవెంట్రుకల గుడారం ముందు కాఫీ కాచి ముక్కూమొహం తెలియనివాడికి పోసే దొడ్డమనిషి. రెండోదానిలో ఆధునిక రాజ్యం కాళ్లకింద నలిగిపోయిన అభాగ్యుడు. రెండిటిలోనూ నిజం లేకపోలేదు. కానీ రెండూ ఒక సంగతి దాటేస్తాయి. బెదూయిన్లు ఏనాడూ రాజ్యానికి పూర్తిగా బయట లేరు. రాజవంశాలు పుట్టేదే ఎడారి తెగల కట్టుబాటులోంచి అనీ, పట్నం సుఖాలు మరిగాక మూడు నాలుగు తరాల్లో అవి కూలతాయనీ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ పద్నాలుగో శతాబ్దంలోనే రాసిపెట్టాడు.

నాకు దారి చూపింది మాత్రం సుర్రా పద్దే. ఒక ప్రభుత్వానికీ ఒక తెగకూ మధ్య ఏం నడుస్తోందో తెలియాలంటే జెండాలనూ ప్రసంగాలనూ పక్కనబెట్టి, ఎవరు ఎవరికి చెల్లిస్తున్నారు, దేనికి చెల్లిస్తున్నారు, ఎప్పుడు ఆపేశారు అని చూడాలి. నేను నేర్చుకున్న పాఠం ఇంతే. చిన్నదే, కానీ దాన్ని పట్టుకుంటే రెండున్నర శతాబ్దాల చరిత్ర ఒక వరసలో పడుతుంది.

1757 సంగతే చూడండి. డమాస్కస్‌ను పద్నాలుగేళ్లు ఏలిన అసద్ పాషా అల్ అజ్మ్ ఏటా హజ్ బిడారును క్షేమంగా తీసుకెళ్లి తీసుకొచ్చినవాడు. ఎవరి చేతిలో ఎంత పెట్టాలో తెలిసినవాడు. అతన్ని తప్పించి వేరొకరిని వేశారు. కొత్తాయనకు ఆ లెక్కలు పట్టలేదు. పైగా అది కరవు ఏడు. పశువులు చస్తున్నాయి, రావలసిన సొమ్ము రాలేదు. బనూ సఖర్ తెగ ఖదాన్ అల్ ఫాయెజ్ నాయకత్వంలో ముందు ఆహారంతో ఎదురెళ్తున్న దళాన్ని కొట్టింది, తర్వాత మక్కా నుంచి తిరిగొస్తున్న అసలు బిడారునే కొట్టింది. కత్తికి బలైనవాళ్లు కొందరైతే, నీళ్లూ తిండీ లేక ఎడారిలో పోయినవాళ్లు వేలు. మొత్తం ఇరవై వేల దాకా అని అంచనా. దాడి వెనక అసద్ పాషా ఉన్నాడన్న అనుమానంతో మరుసటి ఏడు అతన్ని చంపించారు.

దీన్ని పీడితుల తిరుగుబాటుగా పాడుకోవడం నావల్ల కాదు. చచ్చినవాళ్లు బాకీ ఎగ్గొట్టిన పాషాలు కాదు, జీవితమంతా కూడబెట్టుకుని యాత్రకొచ్చిన సామాన్యులు. బెదూయిన్లు ఎడారి అంచు పల్లెల నుంచి కూడా ఖువ్వా పేరుతో మామూళ్లు వసూలు చేసేవాళ్లు. ఇచ్చిన రైతుకు రక్షణ, ఇవ్వని రైతుకు పంట ఉండదు. రాజ్యం చేసే పని కూడా అదే కదా, కాకపోతే రసీదు ఇస్తుంది అనిపిస్తుంది ఒక్కోసారి. ఆ రసీదులోనే తేడా అంతా ఉందని పన్ను కట్టే రైతును అడిగితే ఒప్పుకుంటాడేమో తెలియదు.

సుర్రా అవసరాన్ని తగ్గించింది రైలు. డమాస్కస్ నుంచి మదీనాకు దాదాపు 1,300 కిలోమీటర్ల హిజాజ్ రైల్వేని 1900లో మొదలుపెట్టి 1908కి పూర్తిచేశారు. ప్రపంచంలోని ముస్లింలందరి దగ్గరా చందాలు ఎత్తారు. హైదరాబాద్‌లో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఊరూరా ప్రచారం చేసి సొమ్ము పోగుచేశారు. మన చార్మినార్ పక్క బజార్లలో భక్తితో వేసిన రూపాయలు కూడా ఆ పట్టాల కింద ఉన్నాయన్నమాట. ఒంటె మీద నలభై రోజులు పట్టే ప్రయాణం నాలుగైదు రోజులకు దిగింది. యాత్రికుడికి అది వరం. ఒంటెల బాడుగ మీదా సుర్రా మీదా బతికే తెగకు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పట్టాలు పీకడం, స్టేషన్ల మీద పడటం మొదలైంది. మదీనా నుంచి మక్కాకు లైను వేయాలన్న మాట మాటగానే మిగిలింది. 1910లో ఇప్పటి జోర్డాన్‌లోని కరక్‌లో తిరుగుబాటు లేచింది. జనాభా లెక్కలు, సైన్యంలో భర్తీ, ఆయుధాల స్వాధీనం అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. వాటితో పాటు రావలసిన సొమ్మూ ఆగింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఏడేళ్లు తిరక్కుండానే ఇంకొకరికి ఏరు అడ్డం వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీని దెబ్బతీయాలంటే బ్రిటిష్‌వాళ్లకు ఎడారి తెలిసినవాళ్లు కావాలి. 1917 జులైలో హువైతాత్ తెగ నాయకుడు అవదా అబూ తాయి, మరికొందరు కలిసి అకబా రేవును వెనక నుంచి, ఎవరూ రారనుకున్న ఎడారి వైపు నుంచి వచ్చి పట్టుకున్నారు. రేవు ఫిరంగులన్నీ సముద్రం వైపు చూస్తున్నాయన్నది ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమాలో బాగుంటుంది, నిజానికి అసలు యుద్ధం ఊరికి దూరంగా కనుమల్లో జరిగిపోయింది. సుర్రా మళ్లీ మొదలైంది, ఈసారి బంగారు సవరన్లలో, లండన్ ఖాతాలోంచి. ఈ హువైతాత్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

యుద్ధం అయిపోయాక మ్యాపులు వచ్చాయి. 1922 చివర్లో ఉఖైర్ అనే గల్ఫ్ తీరపు గుడారాల్లో బ్రిటిష్ అధికారి సర్ పెర్సీ కాక్స్ ఎర్ర పెన్సిలుతో నజ్ద్‌కీ ఇరాక్‌కీ కువైట్‌కీ మధ్య గీతలు గీశాడు. నజ్ద్‌ను ఏలుతున్న ఇబ్న్ సవూద్ వాదన వేరు. హద్దు నేల మీద కాదు, ఏ తెగ ఎవరికి విధేయమో ఏ బావి ఎవరిదో దాన్నిబట్టి ఉండాలన్నాడు. అది ఎడారి లెక్క. కాక్స్ దాన్ని ఒప్పుకోలేదు గానీ, గొర్రెలూ ఒంటెలూ మేతకు అటూఇటూ తిరగాలి కాబట్టి రెండు తటస్థ ప్రాంతాలు వదిలాడు. సరిహద్దు బావుల దగ్గర ఎవరూ కోటలు కట్టకూడదని కూడా రాసుకున్నారు. 1927లో ఇరాక్ ప్రభుత్వం బుసయ్యా బావుల దగ్గర పోలీసు ఠాణా కట్టడం మొదలెట్టింది. సరిహద్దుకు చాలా లోపలే ఉందని వాళ్ల వాదన. నీళ్లకు వచ్చేవాడి దృష్టిలో అది బావి మీద కూర్చున్న తుపాకీ. ముతైర్ తెగవాళ్లు రాత్రి వచ్చి కడుతున్న కూలీలనూ పోలీసులనూ చంపేశారు.

ముతైర్ నాయకుడు ఫైసల్ అల్ దువైష్. ఇబ్న్ సవూద్ కోసం రాజ్యాలు గెలిచిపెట్టిన ఇఖ్వాన్ సేనల్లో ముందు వరసవాడు. 1912 ప్రాంతంలో అర్తావియ్యాతో మొదలుపెట్టి తెగల్ని కొత్త ఊళ్లలో కుదిర్చి, మతం నేర్పి, విత్తనాలూ సొమ్మూ ఇచ్చి ఇబ్న్ సవూద్ తయారుచేసుకున్న సైన్యం అది. మక్కా, మదీనాలున్న హిజాజ్ చేతికొచ్చాక అతనికి దండయాత్రల కంటే సరిహద్దులు ముఖ్యమయ్యాయి. ఇఖ్వాన్‌కు సరిహద్దంటే ఏమిటో అర్థం కాలేదు, అర్థమైనా ఒప్పుకోలేదు. 1929 మార్చిలో సబిల్లా దగ్గర ఇబ్న్ సవూద్ మెషీన్‌గన్లు వాళ్లను తెగనరికాయి. గాయపడి కోలుకుని మళ్లీ లేచిన దువైష్ చివరికి కువైట్ వైపు పారిపోయి బ్రిటిష్‌వాళ్లకు లొంగిపోయాడు. వాళ్లు అతన్ని ఇబ్న్ సవూద్‌కు అప్పగించారు. 1931లో రియాద్ జైల్లో చచ్చిపోయాడు. అతని తెగవాళ్లూ మిగతా తెగలవాళ్లూ తర్వాతి కాలంలో సౌదీ నేషనల్ గార్డులో నెలజీతాలకు చేరారు. ఆ సైన్యం ఇప్పటికీ ఉంది. తిరగబడ్డవాణ్ణి చంపి, వాడి కొడుకుకు ఉద్యోగం ఇవ్వడం పాత విద్యే.

ఇదే ఒప్పందాన్ని రక్తం తక్కువగా, బుర్ర ఎక్కువగా వాడి నడిపింది జోర్డాన్‌లో. 1930 నాటికి అక్కడి బెదూయిన్లు చితికిపోయి ఉన్నారు. అవతలి నుంచి ఇఖ్వాన్ దాడులు, వరస కరవులు. మోటారు బండ్లు వచ్చి ఒంటెకు బేరం పోయింది. జాన్ బాగట్ గ్లబ్ అనే ఇంగ్లీషు అధికారి ఇరాక్ ఎడారిలో ఏళ్లు గడిపి అక్కడికి వచ్చాడు. 1931లో ఎడారి గస్తీదళం పెట్టాడు. అప్పటిదాకా ప్రభుత్వాలు బెదూయిన్ల మీదికి ఊళ్ల సిపాయిల్ని పంపేవి, ఆకాశం నుంచి బాంబులు వేయించేవి. గ్లబ్ బెదూయిన్లనే భర్తీ చేశాడు. హువైతాత్ మొదట దగ్గరికి రాలేదు. అతను వాళ్ల గుడారాల్లోనే కూర్చుని, వాళ్ల కాఫీ తాగి, వాళ్ల అరబ్బీ మాట్లాడి ఒక్కొక్కరినే చేర్చుకున్నాడు.

ఆ దళం ఉడుపు ఇప్పటికీ చూడొచ్చు, వాదీ రమ్‌కు వెళ్లిన పర్యాటకులంతా ఫొటోలు దిగేది దానితోనే. మడమల దాకా జారే ఖాకీ అంగీ, నడుముకు ఎర్ర కట్టు, ఛాతీకి అడ్డంగా తూటాల పటకా, ముందు బాకు, తలకు ఎరుపు తెలుపు గళ్ల గుడ్డ. అది మిలిటరీ బట్ట కాదు, బెదూయిన్ పెళ్లికి వేసుకునే బట్టకు ఖాకీ రంగు పడ్డట్టుంటుంది. యూనిఫాం వేసుకున్న కుర్రాడు తన తెగలో తలెత్తుకు తిరగాలన్నది గ్లబ్ ఎత్తు. బాయిర్, ముదవ్వరా లాంటి బావుల దగ్గర చిన్న కోటలు కట్టించాడు. బుసయ్యాలో ఏ పనికి తలలు తెగాయో అదే పని. ఈసారి కోటలో ఉన్నవాడు బావి దగ్గరికి వచ్చేవాడి మేనమామ కొడుకు. ఒకటి రెండేళ్లలోనే దోపిడి దాడులు ఆగిపోయాయి. దాడి చేస్తే వచ్చే ఒంటెల కంటే నెల తిరిగేసరికి వచ్చే జీతం నమ్మకమైనదని కుర్రాళ్లకు తెలిసిపోయింది.

ఈ బుద్ధి గ్లబ్ సొంతమేమీ కాదు, దాని మూలాలు మన ఉపఖండంలో ఉన్నాయి. బలూచిస్తాన్‌లో రాబర్ట్ శాండెమన్ తెగపెద్దలకు భత్యాలిచ్చి, వాళ్ల తగువులు వాళ్లకే వదిలి పాలించాడు. ఇండియాలో పనిచేసిన హెన్రీ డాబ్స్ 1916లో ఆ పద్ధతినే తెగల వివాదాల నిబంధనగా ఇరాక్‌కు పట్టుకెళ్లాడు. 1958 విప్లవం దాకా అది అక్కడ అమల్లో ఉంది. ఇదే సామ్రాజ్యం ఇదే రోజుల్లో మన దగ్గర ఎరుకలవాళ్లను నేరస్థ తెగ అని ముద్రవేసి 1913లో స్టువర్టుపురంలో కుదేసింది. తుపాకీ ఉన్న సంచారికి జీతం, లేని సంచారికి హాజరుపట్టీ.

జోర్డాన్ ఒప్పందం గట్టిగానే నిలబడింది. 1956లో గ్లబ్‌ను రాజు హుస్సేన్ సాగనంపాడు గానీ బెదూయిన్లను వదులుకోలేదు. 1970లో పాలస్తీనా గెరిల్లాలతో యుద్ధం వచ్చినప్పుడు సింహాసనాన్ని కాపాడింది చాలావరకు ఆ దళాలే. అలాంటి చోట 1989 ఏప్రిల్‌లో, అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతుల మీద ప్రభుత్వం ఇంధనం ధరలు పెంచితే, గొడవ పుట్టింది పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో కాదు. మఆన్‌లో, దక్షిణాదిలో, రాజుకు ప్రాణమిస్తారని పేరున్న తెగల మధ్య. ప్రధానిని మార్చాల్సి వచ్చింది, ఆ ఏడాది చివర్లో పార్లమెంటు ఎన్నికలు పెట్టాల్సి వచ్చింది. విధేయత నెత్తుట్లో ఉంటుందని రాసే విశ్లేషకులు ఈ చోట కాస్త తడబడతారు. నాకు మాత్రం అది పద్దు తప్పిన ఏడాదిగా కనిపిస్తుంది.

చెల్లింపు ఆగడం ఒక రకం. అసలు చెల్లించాల్సిందేమీ లేదు, మీకిక్కడ ఏమీ లేదు అనడం ఇంకో రకం. నకబ్ ఎడారిలో, అంటే ఇజ్రాయెల్ నెగెవ్ అనే చోట, జరిగింది అదే. ఒట్టోమన్ ప్రభుత్వం 1858లో భూచట్టం చేసి భూముల్ని రిజిస్టరు చేసుకోమంది. రాయించుకుంటే పన్ను, కొడుకులకు సైన్యంలో పిలుపు. బెదూయిన్లు రాయించుకోలేదు. ఎవరి గట్టు ఎక్కడో వాళ్లకు తెలుసు, పక్క తెగకూ తెలుసు. 1921లో బ్రిటిష్ పాలకులు బంజరు భూములు రాయించుకోవడానికి రెండు నెలలు గడువిచ్చారు. అదీ పోయింది. 1948 యుద్ధంలో ఎక్కువమంది వెళ్లగొట్టబడ్డారు, కొందరు పారిపోయారు. అరవై వేలకు పైగా ఉన్నవాళ్లలో మిగిలింది పదకొండు వేల చిల్లర. వాళ్లను ఒక మూలకు తోలి 1966 దాకా సైనిక పాలనలో ఉంచారు. తర్వాత కాగితం లేదు కాబట్టి ఆ భూమి బంజరు, బంజరు కాబట్టి ప్రభుత్వానిది అని కోర్టులు తీర్పులిచ్చాయి. 1984లో అలాంటిదొకటి, 2015లో ఇంకొకటి.

లెక్కలు చూసే నాకు ఇక్కడ ఒక పద్దు కంట్లో పడింది. 1900లో బీర్‌షెబా పట్నాన్ని కొత్తగా కట్టేటప్పుడు ఒట్టోమన్ ప్రభుత్వం ఆ నేలను అజాజ్మా తెగ దగ్గర డబ్బిచ్చి కొన్నది. యజమాని కానివాడి దగ్గర ఎవరైనా కొంటారా? పట్టా లేని నేలకు అమ్మకం ఎలా జరిగింది? ఈ ప్రశ్న చరిత్రకారులు వేశారు, లాయర్లు కోర్టులో వేశారు. కోర్టు చూసింది రిజిస్టరు.

ప్రభుత్వం వైపు మాట కూడా చెప్పాలి. చెదురుమదురు గుడిసెలకు నీళ్లు, కరెంటు, బడి ఇవ్వడం కుదరదు, కట్టించిన పట్నాలకు రండి అంటుంది. రహత్ అలా కట్టిందే, ఇప్పుడు పెద్ద ఊరు. నెగెవ్ బెదూయిన్లు మూడు లక్షలయ్యారు, ఎక్కువమంది అలాంటి పట్నాల్లోనే ఉన్నారు. ఉద్యోగాల్లేవు, తెగల తగాదాలు తుపాకుల దాకా పోతున్నాయి అన్న ఫిర్యాదు కూడా అక్కడివాళ్లదే. వెళ్లనివాళ్ల పల్లెలకు మ్యాపులో పేరుండదు. అల్ అరాఖీబ్ అనే పల్లెను 2010 జులైలో మొదటిసారి నేలమట్టం చేశారు. వాళ్లు మళ్లీ వేసుకున్నారు. ఇప్పటికి రెండొందల సార్లకు పైగా కూల్చారు. కూల్చిన ఖర్చు రాబట్టుకోవడానికి ప్రభుత్వం ఆ పల్లెవాళ్ల మీదే దావా వేసింది. సుర్రా పద్దు పూర్తిగా తిరగబడితే ఎలా ఉంటుందో అదన్నమాట.

మేకల సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. 1950లో ఇజ్రాయెల్ నల్ల మేకల మీద చట్టం చేసింది, అవి చెట్లను నాశనం చేస్తాయని. బెదూయిన్ గుడారం నేసేది ఆ మేక వెంట్రుకలతోనే, పాలూ మాంసమూ దానివే. మందలు పోయాయి. దశాబ్దాలు గడిచాక అడవులు తగలబడటం ఎక్కువై, కింద పొదలు మేసేవి లేకనే మంటలు పాకుతున్నాయని తేలింది. 2018లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. మేకకు క్షమాపణ దొరికినంత తేలిగ్గా మేకల కాపరికి దొరకలేదు.

కువైట్‌లో చూసింది చెప్పాలి. జహ్రా దగ్గర రోడ్డు పక్కన వానెట్టు బండిలో పుచ్చకాయలు అమ్మే ఒక పెద్దాయన ఉండేవాడు. మా డ్రైవర్ రాయచోటి మనిషి, ఆయన దగ్గరే కొనేవాడు. ఒకసారి కాయలు బండిలో సర్దుతూ, "ఈయప్ప మిలిట్రీలో చేసినోడన్నా. ఇప్పుడు బతాకా ల్యా" అన్నాడు.

"ఈ దేశం మనిషేగా?"

"ఈడనే పుట్నాడు. వాళ్ల నాయన గూడా ఈడనే. అయినా బతాకా ల్యా. నాకుంది సూడన్నా" అని జేబులోంచి తన సివిల్ ఐడి తీసి ఆడించాడు.

పెద్దాయనకు తెలుగు రాదు గానీ కార్డు కనబడింది. అరబ్బీలో ఏదో అడిగాడు. నీ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దాన్ని లాక్కుంటే ఏం చేస్తావు అంటున్నాడని మావాడు చెప్పాడు. "ఏముంది, ఇంటికి పోతా" అని ఆయనకు జవాబిచ్చాడు. పెద్దాయన తలాడించి, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

ఆ పెద్దాయన లాంటివాళ్లు కువైట్‌లో లక్ష మంది దాకా ఉన్నారు. బిదూన్ అంటారు, పౌరసత్వం లేనివాళ్లు. 1959 చట్టం ప్రకారం 1920కి ముందు నుంచీ కువైట్‌లో స్థిరంగా ఉన్నవాళ్లు పౌరులు. స్థిరంగా ఉన్నట్టు చూపడం పట్నం గోడలోపల ఇల్లున్నవాడికి తేలిక. వాన ఎటు పడితే అటు మందను తోలుకెళ్లినవాడు తన తాత 1920లో ఎక్కడున్నాడో ఏ కాగితంతో చూపిస్తాడు? చాలామంది నమోదు కమిటీల ముందుకు వెళ్లనే లేదు. అప్పట్లో పెద్ద తేడా కూడా కనిపించలేదు. బడి ఉంది, ఆస్పత్రి ఉంది, సైన్యంలో పోలీసుల్లో కింది ర్యాంకులు వీళ్లతోనే నిండాయి. 1986లో ప్రభుత్వం వీళ్లను అక్రమ నివాసుల లెక్కలోకి మార్చింది. 1990లో ఇరాక్ దాడి, 1991లో విముక్తి. ఆ తర్వాత, దేశం కోసం పోరాడి బందీలైనవాళ్లతో సహా, ఎక్కువమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. వాళ్లలో కొందరు శత్రువుతో చేతులు కలిపారన్న అనుమానం అందరి మీదా పడింది.

అంతకు చాలా ముందే, అదే ప్రభుత్వం ఇంకో పని మొదలుపెట్టింది. 1960ల నుంచి సౌదీ వైపున్న తెగల నుంచి వేలాదిమందిని పిలిచి పౌరసత్వమిచ్చింది. పట్నంలోని వ్యాపారులు, అరబ్ జాతీయవాదులు పార్లమెంటులో పాలక కుటుంబాన్ని నిలదీస్తున్నారు. వాళ్లకు విరుగుడుగా విధేయ ఓట్లు కావాలి. ఇచ్చిన పౌరసత్వం కూడా ఒక రకం సుర్రా. రెండు తరాలు గడిచేసరికి ఆ పిల్లలు చదువుకున్నారు, లెక్కలు అడగడం మొదలెట్టారు. 2012లో ముతైర్ తెగకు చెందిన ముసల్లమ్ అల్ బర్రాక్ వేలాది జనం ముందు నేరుగా ఎమీర్‌నే హెచ్చరించాడు, తర్వాత రెండేళ్లు జైల్లో ఉన్నాడు. 2014లో కొందరు ప్రతిపక్షుల పౌరసత్వం రద్దయింది. 2024 మేలో పార్లమెంటును రద్దుచేశారు. ఆ తర్వాత పౌరసత్వాల రద్దు పదుల వేలలోకి వెళ్లింది. ఇందులో తెగలవాళ్లే కాదు, కువైటీలను పెళ్లాడిన విదేశీ స్త్రీలు కూడా పెద్దసంఖ్యలో ఉన్నారు. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోవడం ఇంత సులువని ఎవరూ అనుకోలేదు.

అందుకే పెద్దాయన డ్రైవర్ని అడిగిన ప్రశ్న నన్ను వదలదు. మన రాజంపేట, రాయచోటి, కోనసీమల నుంచి వెళ్లినవాళ్లకు కార్డు ఉన్నన్నాళ్లే ఉండటం అని మొదటిరోజే తెలుసు. మా లెక్క నెలజీతం, టికెట్టు, సర్వీసు డబ్బులు. అన్నీ కాగితం మీద ఉంటాయి, ఎగ్గొడితే ఏది ఎగ్గొట్టారో చెప్పగలం. బెదూయిన్ చేసిన ఒప్పందాలు చాలావరకు కాగితం మీద లేవు. మాట మీద, విందు మీద, చుట్టరికం మీద ఉన్నాయి. ఎగ్గొట్టినప్పుడు కోర్టులో చూపించడానికి ఏమీ ఉండదు.

హువైతాత్ మళ్లీ వస్తుందన్నాను. సౌదీ అరేబియా 2017లో తబూక్ ప్రాంతపు ఎర్రసముద్రం ఒడ్డున నియోమ్ అనే మహానగరం ప్రకటించింది. అక్కడి అల్ ఖురైబా లాంటి ఊళ్లు హువైతాత్‌వి. ఖాళీ చేయమన్నారు, పరిహారం ఇస్తామన్నారు. అబ్దుల్ రహీం అల్ హువైతీ అనే ఆయన, నాకు మీ సొమ్ము వద్దు, నా ఇల్లే కావాలి అనే అర్థంలో వీడియోలు పెట్టాడు, తన ఇంట్లో ఆయుధాలు పెట్టి ఇరికిస్తారని కూడా ముందే చెప్పాడు. 2020 ఏప్రిల్ 13న భద్రతా దళాలు ఆయన్ని కాల్చి చంపాయి. ఆయనే ముందు కాల్చాడని ప్రభుత్వం అంటోంది. 2022లో ఆ తెగకే చెందిన ముగ్గురికి మరణశిక్ష పడింది. అల్ హువైతీ చావుకు నూట మూడేళ్ల ముందు బ్రిటిష్‌వాళ్లు బంగారం మూటలిచ్చి ఈ తెగనే బతిమాలారు.

నా సూత్రం ఇక్కడ ఆగిపోతుందని ఒప్పుకోవాలి. చెల్లింపు వద్దన్నవాడి ముందు అకౌంటెంట్ చేసేదేమీ లేదు. అల్ అరాఖీబ్‌లో రెండొందల సార్లు కట్టుకున్నవాళ్లనూ ఏ పద్దులో వేయలేం. అయినా ప్రభుత్వాల వైపు నుంచి చూస్తే ఆ సూత్రం ఎక్కడా తప్పలేదు. దారి, యుద్ధం, ఓటు ఏదో ఒకటి అవసరమైనంత కాలం బెదూయిన్ దేశానికి వారసత్వ సంపద, అవసరం తీరాక ఆక్రమణదారు. స్థిరనివాసం, అభివృద్ధి అన్న మాటలు విన్నప్పుడల్లా ఆ ప్రభుత్వానికి ఇప్పుడు ఆ నేలతో ఏం పనిపడిందో ముందు చూడటం నాకు అలవాటైంది.

ఒక మాట తెలుగు పాఠకులకు. బెదూయిన్ల గురించి మనం చదివేదంతా లారెన్స్, గ్లబ్, డిక్సన్ లాంటి బ్రిటిష్ అధికారులు రాసింది, లేకపోతే విశ్వవిద్యాలయాల వాళ్లు రాసింది. ఈ రోజు కువైట్, సౌదీ ఎడారుల్లో ఒంటెల్నీ గొర్రెల్నీ కాస్తున్నది చాలాచోట్ల బెదూయిన్లు కాదు, సుడాన్‌వాళ్లు, బంగ్లాదేశ్‌వాళ్లు, మనవాళ్లు. డ్రైవర్ పనని చెప్పి వీసా ఇప్పిస్తే ఎడారిలో మంద దగ్గర తేలినవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. కొందరు దెబ్బలు తిన్నారు, కొందరు జీతం ఎగ్గొట్టించుకున్నారు, కొందరు యజమానితో ఒకే పళ్లెంలో తిన్నారు. గుడారం లోపల బెదూయిన్లు ప్రభుత్వం గురించి ఏం మాట్లాడుకుంటారో విన్నవాళ్లు వాళ్లే. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే కూర్చోబెట్టి అడగండి, వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. వాళ్లలో మొదట వెళ్లినవాళ్లు ఇప్పటికే ముసలివాళ్లయ్యారు.